పద్నాలుగో ఫారం

సున్నా చుట్టానా, చుట్టలేదా. చుట్టే ఉంటాను, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చుడుతున్న చెయ్యి, నిద్రలో లేపి పెన్ను ఇచ్చినా చుడుతుంది. కానీ ఆ ఒక్కసారి చుట్టిందో లేదో ఆ చేతికే తెలియాలి, అదేమో ఏమీ ఎరగనట్టు ఒళ్ళో సంచీ మీద పడుకుని ఉంది. ప్రెస్సు ముందుగదిలో చెక్కబెంచీ, ఒక కోడు కాస్త పొట్టి, నేను కదిలినప్పుడల్లా టక్కుమంటోంది. గోడగడియారంలో తొమ్మిదీ రెండు. బైండరు పదింటికి గాని రాడట. బైండింగు గది తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుందట, రెండోది కూడా ఉండేదట గాని అది ఎక్కడుందో ఎవరికీ తెలీదట. ఇదంతా మెషీన్‌మేన్ చెప్పాడు, చేతులకంటిన ఇంకు గుడ్డతో తుడుచుకుంటూ. "మీ అక్కగారి పుస్తకం నిన్న సాయంత్రానికే మొత్తం దిగిపోయిందమ్మా, పద్నాలుగో ఫారం కూడా, మడతలక్కూడా వెళ్ళిపోయింది." చల్లని కబురు చెప్పానన్న సంతోషం ఆయన మొహంలో. నేనూ అలాగా అని నవ్వాను. ఫారం అంటే పదహారు పేజీలు, ఒకే పెద్ద కాగితం మీద అచ్చయి మడత పడతాయి. పద్నాలుగో దాంట్లో రెండువందల పంతొమ్మిదో పేజీ ఉంది. ఆ పేజీ ప్రూఫు మీద, ఆరో లైనుకు ఎదురుగా, మార్జిన్లో నేను రాసిన మాట ఒకటుంది. దాని చుట్టూ సున్నా ఉంటే నేను బతికిపోయినట్టు. లేకపోతే అది ఐదువందల కాపీల్లో అక్క మాటగా అచ్చయిపోయినట్టు.

మార్జిన్లో రాసేది రెండు రకాలని మొదటిరోజే చెప్పారు పెద్ద ప్రూఫురీడరు, నాకు పని నేర్పినాయన. ఊరికే రాస్తే లోపలికి ఎక్కించమని. సున్నా చుట్టి రాస్తే చదువుకో గాని ఎక్కించకు అని. అంతే, ఇంతకంటే పెద్ద చదువు లేదు ఈ పనిలో, మిగతావన్నీ చేతివాటం అనేవారు. చేతివాటం అంటే దొంగతనం కదండీ అని నేను నవ్వితే, మనదీ అదేనమ్మా, రచయిత తప్పు ఎవరూ చూడకుండా ఎత్తుకొచ్చేయడమే అన్నారు. తీసెయ్యమనడానికి తోక గుర్తు, మాట చేర్చడానికి హంసపాదం, విడిపోయినవాటిని కలపడానికి పైనా కిందా రెండు చిన్న వంపులు, కొట్టేసి మళ్ళీ మనసు మార్చుకుంటే కింద వరసగా చుక్కలు. అక్షరాలు కొట్టే ఆపరేటరు తప్పులకి ఎర్ర ఇంకు, రచయిత మార్పులకి నీలం. మార్జిన్లో 'నేను' అన్న మాట రాయకూడదు, మార్జిన్లో మనం లేము. నేను నవ్వానా, నవ్వకు, రాసుకో అన్నారు. రాసుకున్నాను, ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ఆయనకే జరిగిందట ఒకసారి: ఒక రిటైరయిన హెడ్మాస్టరు రాసిన పుస్తకంలో ఒక పేరా పక్కన 'ఇంత అవసరమా?' అని రాసి సున్నా చుట్టడం మర్చిపోయారట. అది పేరా చివర చక్కగా అచ్చయి కూర్చుంది. చదివినవాళ్ళంతా హెడ్మాస్టరుగారి వినయాన్ని తెగ మెచ్చుకున్నారట, తనని తనే అలా ప్రశ్నించుకోవడం ఎంతమందికి చేతనవుతుంది అని. హెడ్మాస్టరుగారు కాదనలేదట కూడాను. ఈ కథ నేను ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. ఇవాళ నాకే నవ్వు రావడంలేదు.

అక్క ఈ పుస్తకం రాస్తానన్నప్పుడే వద్దనాల్సింది. అక్క నర్సు, ముప్ఫై ఏడేళ్ళు నర్సు, రిటైరయ్యాక మోకాలి నొప్పితో ఇంట్లో కూర్చుని డ్యూటీలో జరిగినవన్నీ రాసింది, మధ్యమధ్యలో ఇంటి సంగతులు. బాగా రాసింది, అది కూడా ఒప్పుకోవాలి. ఇంజెక్షన్ చేసినట్టు రాస్తుంది, మనకి నొప్పి తెలిసేలోపు దూది పెట్టేసి ఉంటుంది. ప్రూఫు నువ్వే చూడాలే, వేరేవాళ్ళకిస్తే నాకు నమ్మకం కుదరదు అంది. సరే అన్నాను, అక్క ఏదైనా అడిగితే నేను కాదన్నదెప్పుడు. రెండువందల పద్దెనిమిది పేజీలు హాయిగా చూశాను. తర్వాతి పేజీలో అమ్మ పోయింది. 'అమ్మ వెళ్ళిపోయేటప్పుడు నేనూ చెల్లీ చెరో చెయ్యీ పట్టుకుని కూర్చున్నాం' అని రాసింది అక్క. పెన్ను ఆగిపోయింది. చెరో చెయ్యీ అట. పద్దెనిమిదేళ్ళ తర్వాత నాకో చెయ్యి ఇచ్చింది. నేనక్కడ లేనని అక్కకి తెలుసు, నాకు తెలుసు, చచ్చి ఎక్కడుందో గాని అమ్మకీ తెలుసు. జాలిపడి రాసిందని అర్థమైంది, ఆ జాలి చూసే ఒళ్ళు మండింది. తప్పు కనిపిస్తే చూడనట్టు ముందుకెళ్ళడం నా చేత కాదు. మార్జిన్లో రాసేశాను: 'చెల్లి అప్పటికి రాలేదు. ఫోను మోగినా తియ్యలేదు.' నేను అని రాయలేదు. పెద్ద రీడరు ఉంటే మెచ్చుకునేవారు.

సున్నా చుడదాం, లేకపోతే మొత్తం కొట్టేద్దాం అనుకుంటూ ఉన్నాను. ఉన్నాననే అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే స్నానాలగదిలోంచి మా ఆయన కేక, కుళాయి చేతిలోకి ఊడొచ్చిందట, నీళ్ళు గోడకి కొడుతున్నాయి. పరిగెత్తాను. తువ్వాలు కుక్కి రెండు చేతులతో అదిమి పట్టుకుని నేను, మెయిన్ వాల్వు ఎక్కడుందో పాతికేళ్ళ కాపురంలో తెలుసుకోని ఆయన, ఈలోగా ప్రెస్సు మనిషి వచ్చి ప్రూఫులు అడిగితే, బల్లమీదున్న కట్ట ఇదేనా అని కూడా నన్నడక్కుండా ఆయనే ఇచ్చి పంపేశారు. నాకు సాయం చేశాననుకున్నారు పాపం. తడిసి ముద్దై బయటికొచ్చి బల్ల చూసుకుని, అన్నీ అయిపోయినవే కదా అనుకున్నాను. తొమ్మిది రోజులు అలాగే అనుకున్నాను. ఇవాళ పొద్దున వంటింటి క్యాలెండర్లో ఆదివారం చుట్టూ, పుస్తకం విడుదల కదా, ఎర్రపెన్నుతో సున్నా చుడుతుంటే చెయ్యి సగంలో ఆగింది. మా ఆయన పక్కనుంచి, "ఏంటి, ఆదివారం కూడా తప్పేనా?" అన్నారు. నేను చెప్పులేసుకున్నాను.

తొమ్మిదీ పంతొమ్మిది. లోపల మెషీను దబ్‌దబ్‌మని కాగితాలు మింగుతోంది, వేరే ఎవరిదో పుస్తకం. వాళ్ళు ఇంట్లో నిశ్చింతగా ఉండి ఉంటారు. మెషీన్‌మేన్ టీ తెచ్చిపెట్టాడు, గ్లాసు మీద వేలిముద్ర, ఇంకుది, స్పష్టంగా గీతలతో సహా. ఇక్కడి ఆపరేటరు అమ్మాయి మంచి పనిమంతురాలు, అదే నా ఖర్మ. సొంత తెలివి వాడదు, గుర్తు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, అక్షరం పొల్లు పోనివ్వదు. కాస్త తలబిరుసు మనిషైతే ఇదేంటి వింతగా ఉందని వదిలేసేది. ఆ పిల్లకి ఇలా ఉండమని నేర్పింది నేనే. తర్వాత దిద్దిన పేజీలు అక్కకి వెళ్ళి ఉంటాయి, అచ్చుకి సంతకం పెట్టేది రచయితే కదా, కానీ అక్క చదవదు. నువ్వు చూశాక నేను చూసేదేంటే అంటుంది, ఆసుపత్రిలో డాక్టరు రాసిన ప్రతి మందూ రెండుసార్లు చదివిన మనిషి, నా దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని సంతకం పెడుతుంది. ఇలాంటి నమ్మకం ఎవరికీ ఉండకూడదు. ఆదివారం అందరూ వస్తారు, అక్క కొడుకు, కోడలు, మా అమ్మాయి, పెద్దమ్మ కూతుళ్ళు ముగ్గురూ, వాళ్ళకి పుస్తకంలో ముందు కావలసింది తమ పేరు, తర్వాత ఎవరు ఎవరిని ఏమన్నారన్నది. చెల్లి అప్పటికి రాలేదు, ఫోను మోగినా తియ్యలేదు. అక్కే రాసిందనుకుంటారు. పద్దెనిమిదేళ్ళు కడుపులో పెట్టుకుని ఇప్పుడు అచ్చేసి చెల్లెల్ని దులిపేసిందనుకుంటారు. నా పరువు పోతే పోయింది, రాసింది నిజమే కదా, కానీ ఒక్కరినీ ఒక్క మాట అనని అక్క నోట్లో నేను ఆ మాట పెట్టాను.

పెట్టకుండా ఉండాల్సింది. ఉన్నది ఉన్నట్టు ఎవరికీ చెప్పలేదు నేను, మా ఆయనకి కూడా సగమే. అప్పుడు పనిచేసే ఆఫీసులో ఇద్దరం కలిసి ప్రూఫు చూసేవాళ్ళం, ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు పట్టుకుని దిద్దాలి. చదివేది కామాగారు. కామాలు, ఫుల్‌స్టాపులు, పేరాలు అన్నీ పైకి చదివి చదివి ఆయనకి అదే పలుకైపోయింది, క్యాంటీనులో కూడా 'రెండు టీలు కామా ఒకటి చక్కెర లేకుండా' అనేవాడు. గదిలో ఒక నియమం, పేజీ మొదలుపెడితే చివరిదాకా లేవకూడదు, మధ్యలో లేస్తే లైను ఎగిరిపోతుంది, ఎవరొచ్చినా ఏం మోగినా సరే. ఆ నియమం పెట్టింది కూడా నేనే, అన్ని నియమాలూ నావే. ఆరోజు చూస్తున్నది తేనెటీగల పెంపకం మీద పుస్తకం. మధ్యాహ్నం మూడవుతోంది. అమ్మని ఆసుపత్రిలో చేర్చి నాలుగు రోజులు, అక్క పక్కనుంది, అక్క ఉంటే డాక్టరున్నట్టే, సాయంత్రం వెళ్దామనుకున్నాను. ఫోను మోగింది. పేజీలో ఇంకా పదకొండు లైన్లున్నాయి. కామాగారు కళ్ళెత్తి చూశాడు. నేను, కానివ్వండి అన్నాను. ఆ పదకొండు లైన్లూ నాకు కంఠతా వచ్చు. పెట్టె మూత నెమ్మదిగా తెరవాలి కామా కంగారు పడరాదు ఫుల్‌స్టాప్. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఈగలు మనిషి భయాన్ని పసిగడతాయి ఫుల్‌స్టాప్ పేరా. పదకొండో లైను అయ్యాక మళ్ళీ మోగింది, తీశాను. అక్క గొంతు, "అమ్మ పోయిందే." అంతే. మొదటిసారి మోగింది తొందరగా రమ్మని. ఎవరూ చెప్పలేదు, చెప్పాలా ఏంటి, తెలుస్తుంది. పదకొండు లైన్లలో అమ్మ నాకోసం చూసి చూసి వెళ్ళిపోయింది. ఇదీ నా దగ్గరున్నది, ఇంతే, పద్దెనిమిదేళ్ళుగా పేజీ చివరికి ఎప్పుడొచ్చినా పదకొండు లైన్లు మిగిలినచోట ఒక్కసారి తలెత్తుతాను.

తొమ్మిదీ నలభై. అక్కకి ఫోన్ చేస్తే అయిపోతుంది, ఆ పేజీ చూశావా అని. చూడలేదంటే, ఏ పేజీ అంటుంది. చూశానంటే, ఇంక ఆ తర్వాత నేనేమంటాను. రెండుసార్లు నంబరు తీసి పెట్టేశాను. ఒకవేళ అచ్చయిపోయుంటే ఏం చెయ్యాలో అది మాత్రం తేల్చుకున్నాను: ఇక్కడే కూర్చుంటాను, ఐదువందల ఫారాలు ముందేసుకుని, స్కేలు పెట్టి నల్ల ఇంకుతో ఒక్కొక్క దాంట్లో ఆ రెండు వాక్యాలూ చెరిపేస్తాను, ఆదివారం పొద్దుటికి అవుతాయి. నిముషానికి రెండు వేసుకున్నా నాలుగు గంటల పైమాట, అంతే, భరించలేని పనేం కాదు. జనం అడిగితే మిషను చెడిందని చెప్తాను. నల్లగీత కింద ఏముందో అని వెలుతురుకి పెట్టి చూసేవాళ్ళుంటారు, పెద్దమ్మ రెండో కూతురు తప్పకుండా చూస్తుంది. రెండుసార్లు గీస్తాను.

బైండరు పది కొట్టకముందే వచ్చాడు, గొడుగు, అన్నం డబ్బా, మెడలో కళ్ళజోడు. నన్ను చూసి, "అరె, మీరెందుకొచ్చారమ్మా, కబురు చేస్తే నేనే పంపేవాణ్ణి కదా," అన్నాడు. పద్నాలుగో ఫారం ఒకటి కావాలన్నాను. తాళం తీశాడు, గదంతా కొత్త కాగితం, జిగురు వాసన, గోడవారగా నిలువెత్తు దొంతరలు, ఒక్కో దొంతర మీద చీటీ. ఆయన తాపీగా కళ్ళజోడు పెట్టుకున్నాడు. పన్నెండు, పదమూడు, అదిగో. పైనుంచి ఒకటి తీసి అరచేత్తో ఒకసారి నిమిరి ఇచ్చాడు. ఇంకా అంచులు కొయ్యలేదు, పేజీలు పైన అతుక్కునే ఉన్నాయి, వేలు దూర్చి తొంగిచూడాలి. రెండువందల పదిహేడు, పద్దెనిమిది. పంతొమ్మిది.

నా వాక్యాలు లేవు. ముందు అదే చూశాను, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి, నా మాటలు అచ్చులో ఎక్కడా లేవు. ఊపిరి బయటికొచ్చింది, కాగితం దొంతర మీదే కూర్చోబోతే బైండరు కంగారుగా స్టూలు లాగాడు. సున్నా చుట్టానన్నమాట. నా చెయ్యే, బంగారం లాంటి చెయ్యి, కుళాయి మీదకి పరిగెత్తుతూ కూడా చుట్టేసి వెళ్ళింది. నవ్వొచ్చింది, ఇందాకటి హెడ్మాస్టరు కథకి కూడా కలిపి ఇప్పుడు నవ్వాను. అలవాటు ఊరుకోదు కదా, ఆ నవ్వుతోనే ఆరో లైను దగ్గరికి వచ్చాను, చెరో చెయ్యీ దగ్గరికి. అదీ లేదు. ఆరో లైను వేరేగా ఉంది.

'అమ్మ వెళ్ళిపోయేటప్పుడు చెయ్యి పట్టుకున్నది నేనొక్కదాన్నే. అంతమంది పోవడం చూసిన నర్సుని, పావుగంట దాకా లేవలేకపోయాను. ఆ తర్వాత చెల్లికి ఫోన్ చేశాను. మొదటిసారి ఎవరూ తియ్యలేదు. తియ్యనందుకు ఎంత తేలికపడ్డానో ఇప్పటికీ గుర్తుంది, ఆ మాట చెప్పడం ఇంకో ఐదు నిముషాలు తప్పింది.'

మళ్ళీ చదివాను. పావుగంట దాకా. ఆ తర్వాత. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాను, పని నేర్చుకున్న మొదటి వారంలో చదివినట్టు. ఆ తర్వాత ఫోన్ చేశాను. మొదటిసారి. మొదటిసారి మోగింది రమ్మని కాదు. కామాగారు తలెత్తి నన్ను చూసినప్పుడు, నేను కానివ్వండి అన్నప్పుడు, అమ్మ అప్పటికే లేదు. పదకొండు లైన్లలో ఎవరూ ఎవరికోసం ఎదురు చూడలేదు. సున్నా చుట్టలేదు నేను. చుట్టలేదు కాబట్టే ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు ఎక్కించింది, ఎక్కించింది కాబట్టే సంతకం పెట్టే ముందు అక్క కంటబడింది. చదవదనుకున్న మనిషి చదివింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఇంత పెద్ద తప్పు నేను చెయ్యలేదు, ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. బైండరు, "ఏమైందమ్మా, తప్పు దొర్లిందా?" అన్నాడు, అప్పుడే చేతిలోకి తీసుకున్న సూదీదారం కింద పెట్టేసి. లేదు, బాగుంది, చాలా బాగుంది, కుట్టెయ్యండి అన్నాను. ఆయన నా మొహం చూసి ఇంకేం అడగలేదు, కాని కుట్టడం కూడా మొదలుపెట్టలేదు. ఎందుకైనా మంచిదనేమో.

బయటికొచ్చాను. ఎండ వీధంతా పరుచుకుని ఉంది, సైకిలు బాగుచేసే దుకాణం ముందు ఒకాయన ట్యూబులో గాలి కొట్టి నీళ్ళల్లో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది, విపరీతమైన ఆకలి, రోగం తగ్గాక వేసేలాంటిది. వీధి చివరిదాకా నడిచి మళ్ళీ వెనక్కి వచ్చాను, ఎందుకంటే చెప్పలేను, నడవడం బాగుంది. అక్కకి ఫోన్ చేశాను. మొదటి మోతకే తీసింది.

"ప్రెస్సు దగ్గరున్నావు కదూ," అంది. "మిషను చప్పుడు వినబడుతోంది."

"చూశాను అక్కా."

కుర్చీలో సర్దుకున్నట్టుంది, మోకాలు మూలిగింది, దాంతోపాటు అక్క కూడా. "నువ్వలా అనుకుంటున్నావని నాకు తెలీదే," అంది. "నీ ముక్క చూసేదాకా తెలీదు. నేనేమో, అంతసేపు ఆలస్యంగా చెప్పానని నామీద కోపమేమో అనుకున్నా. అందుకే నీకో చెయ్యి ఇచ్చి రాశా, ఏదో బాకీ తీర్చినట్టు."

"నాకెందుకు చెప్పలేదు, దిద్దినప్పుడు?"

"నీకు ప్రూఫు దిద్దేటప్పుడు ఫోన్ చేస్తే కోపం కదా."

నవ్వాను, నవ్వు మధ్యలో ఇంకేదో అయింది, సైకిలు దుకాణం ఆయన బుడగలు వదిలేసి నావైపు చూశాడు, చూస్తే చూశాడు. చెంగుతో మొహం తుడుచుకున్నాను. ఆపైన అడగాల్సింది అడిగాను, అచ్చులో చదివినా సరే, మనిషి నోటి నుంచి వినాలని ఉంది.

"మొదటిసారి మోగినప్పుడే నేను తీసుంటే?"

"తీసినా అంతేనే," అంది అక్క. "అప్పటికే అయిపోయింది."

"ఇంకోసారి చెప్పు."

అక్క విసుక్కోలేదు. ఇంకోసారి చెప్పింది.